గది వేడిమిలనే లూప్ చూపెడుతున్న నా బిళ్ల: క్రోమియం పనేనా, ఇంకేమన్ననా?

పానగల్లు పోరడు (రాత్రి 10:42)

అందరికి నమస్తే. నల్లగొండల ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం నాది. ప్రాజెక్టుకు బిస్మత్ సెలినైడ్‌ల క్రోమియం కలిపిన. లెక్క ఇట్ల: బిస్మత్ 1.9, క్రోమియం 0.1, సెలీనియం 3. క్వార్ట్జ్ గొట్టంల వేసి, గాలి తీసి సీల్ చేయించి, 850 డిగ్రీల సెల్సియస్ దాక వేడి చేసి మెల్లగ చల్లార్చిన. ఎక్స్‌రే తీస్తే అన్ని బిస్మత్ సెలినైడ్ గీతలే, పరాయి గీత ఒక్కటి లేదు. పొడి చేసి, జల్లించి, 50 మిల్లీగ్రాముల బిళ్ల నొక్కి హైదరాబాద్‌ల ఒక ల్యాబుకు పంపిన.

నిన్న ఫైలు వచ్చింది. 300 కెల్విన్‌ల కూడ హిస్టరిసిస్ లూప్ ఉన్నది, అంటే క్షేత్రం పెంచి తగ్గిస్తే అయస్కాంత గీత అదే దారిల తిరిగి రాక ఉచ్చు లెక్క తెరుచుకున్నది! చిన్నదే. క్షేత్రంతోని తిన్నగ పెరిగే వాలు తీసేస్తే గ్రాముకు 0.004 ఈఎంయూ (అయస్కాంతత్వం కొలత) కాడ నిలబడుతున్నది. కోయర్సివ్ ఫీల్డ్, అంటే మిగిలిన అయస్కాంతత్వాన్ని సున్నా చేసే ఎదురు క్షేత్రం, 120 ఓర్‌స్టెడ్. మా సారు "గది వేడిమిలో ఫెర్రోమ్యాగ్నెటిక్ టోపోలాజికల్ ఇన్సులేటర్" అని పేపరుకు టైటిల్ గూడ రాసిండ్రు. ఫెర్రోమ్యాగ్నెటిక్ అంటే ఇనుము లెక్క తనంతట తనే అయస్కాంతమయ్యేది. నాకే మనసొప్పుతలేదు. దునియాల పెద్దపెద్దోళ్లు 30 మిల్లీకెల్విన్ దాక దిగితే గాని కనపడనిది, మా బిళ్లల ఫ్యాను కింద కనపడుతదా?

నాగార్జున గట్టు (రాత్రి 10:58)

నోబెల్ వస్తే క్లాక్ టవర్ కాడ ఫ్లెక్సీ ఖర్చు నాది. 2023ల ఎల్‌కే-99 అనే రాయి గది వేడిమిలనే సూపర్ కండక్టర్ (నిరోధమే లేనిది) అన్నప్పుడు గూడ గిట్లనే రాత్రుళ్లు మేల్కొని వీడియోలు చూసినం. రాయి సగం లేచి సగం ఒరిగి నిలవడేది యాదున్నదా?

పాలమూరు లెక్చరర్ (ఉదయం 6:15)

గట్టు గారూ, ఎగతాళికి అన్నా ఆ పోలిక ఇక్కడ సరిగ్గానే పడింది. ఎల్‌కే-99 కూడా రాగి కలిపిన ఇన్సులేటరే. సీసపు అపటైట్‌లో కొన్ని సీసం స్థానాల్లో రాగి కూర్చుంటుంది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్లు చేసి చూస్తే సూపర్ కండక్టివిటీ లేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ వాళ్లు శుద్ధమైన స్ఫటికం పెంచితే అది పారదర్శకమైన ఇన్సులేటర్‌గా తేలింది. అందరినీ ఊరించిన ఆ నిరోధం పడిపోవడం, పక్కన చేరిన కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకోవడం వల్ల.

ఇక తమ్ముడి పదార్థం గురించి, తెలియనివారి కోసం నాలుగు మాటలు. బిస్మత్ సెలినైడ్ లోపల ఇన్సులేటర్, దాని బ్యాండ్ గ్యాప్ సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్. పైపొర మాత్రం లోహంలా కరెంటు పారనిస్తుంది. టోపోలాజికల్ ఇన్సులేటర్ అంటే ఇదే. 2009లో సిద్ధాంతమూ ప్రయోగమూ రెండూ ఈ సంగతి చెప్పాయి. అయస్కాంత క్షేత్రం లేకుండానే ఆ పైపొర దారులను ఒకవైపే నడిచేట్టు చేయాలంటే లోపల అయస్కాంతత్వం పుట్టించాలి. అందుకే క్రోమియం, వెనేడియం, మాంగనీస్ కలుపుతారు. 2013లో బీజింగ్ త్సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో షుయె చీకున్ బృందం క్రోమియం కలిపిన బిస్మత్ ఆంటిమొనీ టెల్యూరైడ్ పలచని పొరలో దీన్ని సాధించింది. హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా కొలిచేది) 25,812.8 ఓంల దగ్గరకు వచ్చి నిలిచింది. తమ్ముడు చెప్పిన 30 మిల్లీకెల్విన్ అదే. ఆ పొర ఫెర్రోమ్యాగ్నెట్‌గా మారేది కూడా సుమారు 15 కెల్విన్ దగ్గరే. కాబట్టి 300 కెల్విన్ అనగానే అనుమానించడం మంచి లక్షణమే.

డిండి వాగు (ఉదయం 8:30)

తమ్మీ, నేను రోజూ అయస్కాంతత్వం కొలిచే ఈ మెషిన్ల ముందరనే కూసుంట. మా ఊరు దేవరకొండ దిక్కు. ముందు నీ అంకెను రెండు దిక్కుల నుంచి చూద్దాం.

ఒకటి. క్రోమియం మూడు ప్లస్‌ల ఉంటే ఒక్కొక్కటి 3 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువు అయస్కాంతత్వం కొలత) ఇయ్యాలె. నీ ఫార్ములాల 0.1 క్రోమియం, అంటే ఫార్ములాకు 0.3. మోల్ బరువు 639 గ్రాములు. అన్ని క్రోమియంలు ఒక్కదిక్కు తిరిగితే గ్రాముకు 2.6 ఈఎంయూ రావాలె. నీకొచ్చింది 0.004. ఆరువందల యాభై క్రోమియంలల్ల ఒక్కటే అయస్కాంతమై, మిగిలినయి చూసుకుంట కూసున్నయా?

రెండు. నీ బిళ్లల మొత్తం ఉన్నది 0.004 ఇంటూ 0.05 గ్రాములు, అంటే 0.0002 ఈఎంయూ. గ్రాము ఇనుము సుమారు 220 ఈఎంయూ ఇస్తది. భాగించు. 0.9 మైక్రోగ్రాము. అంత ఇనుమును గుండ్రంగ చేస్తే అడ్డం 60 మైక్రాన్లు, నీ తలవెంట్రుక మందం. అసుమంటి రేణువు ఒక్కటి బిళ్లల దూరితే చాలు, నీ లూప్ మొత్తం వచ్చేస్తది.

ఎక్స్‌రేల పరాయి గీత లేదంటివి. బరువుల ఒకటి రెండు శాతం ఉంటే గాని అది పట్టదు. నీ బిళ్లల ఇనుము పది లక్షలల్ల 18 వంతులు. అసలే కండ్లకు ఆనదు.

రెండో బెంచి (ఉదయం 9:05)

మరి మిగిలిన క్రోమియం లోహమే అయి ఉండొచ్చు కద అక్కా? గొట్టంల పూర్తిగ కలవక?

డిండి వాగు (ఉదయం 9:20)

క్రోమియం లోహం 311 కెల్విన్ కింద ఆంటీఫెర్రోమ్యాగ్నెట్. పక్కపక్క స్పిన్లు, అంటే పరమాణువుల చిన్న అయస్కాంతాలు, ఎదురెదురు తిరిగి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. దాన్తోని లూప్ రాదు. క్రోమియం డయాక్సైడ్ అయితే వస్తది. వెనుకట పాటల క్యాసెట్లల్ల "క్రోమ్" అని రాసుండేది అదే. కాని అది గాలి తీసిన గొట్టంల పుట్టదు, దానికి ఆక్సిజన్ ఒత్తిడి దండిగ కావాలె.

గిర్ని సేటు (మధ్యాహ్నం 1:40)

సార్లూ, నాకు ఫిజిక్స్ ఇంటర్ దాకనే. మాది కారం, పసుపు, పిండి గిర్ని, మిర్యాలగూడ రోడ్డు మీద. ఒక్క మాటడుగుత. తమ్మీ, గా పొడి ఎండ్ల నూరినవు? ఎండ్ల జల్లించినవు?

ఎందుకడుగుతున్న అంటె, మూడేండ్ల కింద ఎండాకాలం ఒకామె పెండ్లికి పది కిలోల మిర్చి పట్టించుకపోయింది. తెల్లారి పాత స్పీకర్ల మ్యాగ్నెట్ను పాలిథీన్ కవర్ల చుట్టుకొని వచ్చి, నా ముందరనే కారంల తిప్పింది. బయటికి తీస్తే నల్లటి రజను మీసాలోలె నిక్కవొడుచుకొని నిలవడ్డది. నా పానం పోయినంత పనైంది. మిర్చిల యాడికెల్లి వచ్చె ఇనుము? తొడిమెలకెల్లి రాలె. దంచే మిషిన్ల ఇనుప రోకండ్ల అంచులు అరిగి పడ్డది. మేమే కలిపినం, మాకే ఎరుక లేదు. అప్పటిసంది కారం దిగే మూతికాడ మ్యాగ్నెట్ పట్టీ పెట్టిన. రోజూ సాయంత్రం తుడిస్తే అగ్గిపుల్ల తలకాయంత వస్తది, ఇప్పటికి గూడ. మా ఊర్ల రైసుమిల్లోళ్లు మొలలు, బోల్టుల కోసం మ్యాగ్నెట్లు పెడుతరు. మాకు మాత్రం బయటి మొలల కన్న మా మిషినే పెద్ద దొంగ.

పానగల్లు పోరడు (మధ్యాహ్నం 2:12)

సేటు, నా గుండెల రాయి వేసినవు. మొదట అగేట్ కల్వంలనే నూరిన. తర్వాత సన్నగ కావాలని స్టీలు జల్లెడల రుద్దుకుంట జల్లించిన. బిళ్ల నొక్కింది స్టీలు డైల. తీసింది స్టీలు ట్వీజర్స్ తోని. కాని అన్ని స్టెయిన్‌లెస్ స్టీలే అన్న. జల్లెడకు మ్యాగ్నెట్ పెట్టి చూసిన, అంటలేదు.

లేబుల్ లేని సీసా (మధ్యాహ్నం 3:30)

చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ నౌకరి నాది, ఇనుము వేట మా రోజు పని. జల్లెడకు అంటకపోవచ్చు, అది 304 రకం. కాని ఆ స్టీలును వంచినా, నొక్కినా, రాపాడించినా లోపలి స్ఫటికం అమరిక మారి మార్టెన్‌సైట్ అయితది, అది మ్యాగ్నెట్‌కు అంటుతది. ఇంట్లనే చూడు. స్టీలు గిన్నె అడుగున మ్యాగ్నెట్ పెట్టు, జారిపోతది. అంచు మడిచిన కాడ పెట్టు, కొద్దిగ పట్టుకుంటది. నీ జల్లెడ అంటకపోయినా, దాని నుంచి అరిగి రాలిన పొడి అంటొచ్చు. ఇగ నీ డై స్టెయిన్‌లెస్ అని ఎవరన్నరు? గట్టిదనం కోసం టూల్ స్టీలు వాడుతరు, అదైతే నేరుగ అంటుతది.

ఈ గుంతల మీకన్న ముందు చాన పెద్దోళ్లు పడ్డరు. 2004ల డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నుంచి నేచర్ పత్రికల పేపరు వచ్చింది, హాఫ్నియం డయాక్సైడ్ పొరలు గది వేడిమిల ఫెర్రోమ్యాగ్నెట్లని. అది పక్కా ఇన్సులేటర్, అయస్కాంత పరమాణువే లేదు అందుల. సిద్ధాంతాలు వరదలెక్క వచ్చినయి. 2005ల ఐబీఎం వాళ్లు అదే పొరలు చేస్తే ఏమీ రాలె. స్టెయిన్‌లెస్ స్టీలు ట్వీజర్స్‌తో పట్టుకుంటే మాత్రం ఇంచుమించు అదే సిగ్నల్ వచ్చింది. పట్టుకున్న కాడ అంటిన స్టీలు గీత అంత పని చేసింది.

నాగార్జున గట్టు (మధ్యాహ్నం 3:41)

చిన్నప్పుడు వాన వెలిసినంక వాగు ఇసుకల మ్యాగ్నెట్ గుంజుకుంట తిరిగి, నల్ల రజను అగ్గిపెట్టెల నింపుకునేటోళ్లం. కాయితం మీద పోసి కింద మ్యాగ్నెట్ తిప్పితే చీమల లెక్క నడిచేది. మన గడ్డ మీదనే గంత ఇనుముంటే పాపం పోరని బిళ్లల ఉండదా?

డిండి వాగు (సాయంత్రం 6:50)

గట్టన్నా, ఆ వాగు రజను మాగ్నెటైట్. దానికొక గుర్తు ఉన్నది. సుమారు 120 కెల్విన్ కాడ దాని లోపలి అమరిక మారుతది, అయస్కాంత గీత అక్కడ గెంతుతది. తమ్మీ, నీ ఎం-టీ గీతల (ఉష్ణోగ్రతతోని అయస్కాంతత్వం మారే గీత) 120 కాడ మెట్టు ఉన్నదేమో చూడు. ఉంటే దుమ్ము, లేకపోతే స్టీలు అని నా అంచనా. మాగ్నెటైట్ రేణువులు మరీ సన్నగుంటే మెట్టు సాఫైపోతది, అందుకే ఇదొక్కదాన్నే పట్టుకొని ఊగకు.

అసలు పరీక్ష వేరే. క్రోమియం కలపని వట్టి బిస్మత్ సెలినైడ్‌ను తీసుకొని, అదే జల్లెడ, అదే డై, అవే ట్వీజర్స్ తోని బిళ్ల చేయి. దానికి గూడ లూప్ వస్తే కథ ఒడిసినట్టే. రెండోది, గొట్టంలకెల్లి తీసిన కడ్డీని నూరకుంట టేపుతోని పొరలు లేపి, లోపలి ముక్కను ప్లాస్టిక్ ట్వీజర్స్ తోని పట్టుకొని కొలవనియ్యి. ఈ పదార్థం అభ్రకం లెక్క పొరలు పొరలుగ లేస్తది, నీ అదృష్టం.

పాలమూరు లెక్చరర్ (రాత్రి 7:30)

ఇక్కడ నాదొక చిన్న అభ్యంతరం. తమ్ముడు "ఇన్సులేటర్" అంటున్నాడు, నిరోధం కొలిచాడా? బిస్మత్ సెలినైడ్‌లో సెలీనియం ఆవిరై పోయి ఖాళీలు మిగులుతాయి. ఒక్కో ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను వదులుతుంది. అందుకని చల్లార్చే కొద్దీ నిరోధం పెరగాల్సింది తగ్గుతుంది, అచ్చం లోహంలా. సెలీనియం మరిగేది 685 డిగ్రీల దగ్గర, మీరు వేడి చేసింది 850. కాస్త ఎక్కువ సెలీనియం వేశారా?

పానగల్లు పోరడు (రాత్రి 8:02)

వేయలేదు సార్. గొట్టం పగుల్తదని భయపడ్డ. నిరోధం కొలవలేదు. రేపు నాలుగు తీగలు పెట్టి చూస్త.

రెండో బెంచి (రాత్రి 9:10)

నాకొక డౌటు. ఇన్సులేటర్‌ల తిరిగే ఎలక్ట్రాన్లే లేకపోతే, ఇక్కడి క్రోమియం స్పిన్ సంగతి అక్కడి క్రోమియంకు ఎవరు మోసుకపోతరు? ఇంకొకటి, అసలు ఏదన్న కలిపితే అయస్కాంతత్వం పెరుగుడేనా, తగ్గుడు ఉండదా?

డిండి వాగు (రాత్రి 9:48)

మొదటి డౌటుకు నేను చెప్త. మాంగనీస్ కలిపిన గాలియం ఆర్సెనైడ్ లాంటి సెమీకండక్టర్లల్ల తిరిగే హోల్సే (ఎలక్ట్రాన్ పోయిన ఖాళీలు) ఆ కబురు మోస్తయి. ఇన్సులేటర్‌ల అది కుదరదు. ఒక దారి, నడుమ ఉన్న సెలీనియం లేదా టెల్యూరియం ద్వారా క్రోమియం నుంచి క్రోమియంకు చెయ్యి మార్చుడు, దాన్ని సూపర్‌ఎక్స్చేంజ్ అంటరు. ఇంకొక దారిని 2010ల సైద్ధాంతికులు చెప్పిండ్రు. ఈ పదార్థాలల్ల బ్యాండ్లు తలకిందులై ఉంటయి కాబట్టి, నిండిన బ్యాండ్ల ఎలక్ట్రాన్లే జాగా కదలకుండ క్షేత్రానికి గట్టిగ స్పందిస్తయి. వాన్ వ్లెక్ స్పందన దాని పేరు. ఆ స్పందన మీదనే క్రోమియంలు ఒకదాన్నొకటి గుర్తు పడుతయన్నరు. గేట్ వోల్టేజీతోని ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చినా ఫెర్రోమ్యాగ్నెటిజం నిలిచుండుడు దానికి అప్పుడు బలమిచ్చింది. ఇప్పుడు వాన్ వ్లెక్ ఒక్కటే అంటే నేనైతే ఒప్పుకోను, టెల్యూరియం పాత్ర తక్కువేం కాదు.

క్రోమియంను యాడ పడితే ఆడ చల్లినట్టు కలుపుతం కాబట్టే ఇన్ని తిప్పలు. ఒక జాగల గుంపు, ఇంకో జాగల ఖాళీ. అందుకే 2019 నాటికి మాంగనీస్‌ను చల్లుడు మాని ఒక పూర్తి పొరగ పేర్చిన మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్ వచ్చింది. దాని నీల్ ఉష్ణోగ్రత, అంటే ఆంటీఫెర్రోమ్యాగ్నెట్ వరుస ఏర్పడే హద్దు, సుమారు 25 కెల్విన్. 2020ల దాని ఐదు పొరల రేకుల, బయటి క్షేత్రం లేకుండ, 1.4 కెల్విన్‌ల అదే హాల్ మెట్టు చూసిండ్రు. 30 మిల్లీకెల్విన్ నుంచి 1.4 అంటే చిన్న దూరం కాదు.

పాలమూరు లెక్చరర్ (రాత్రి 10:20)

రెండో ప్రశ్న నాకు వదిలేయండి, దీన్ని తరగతిలో చెప్పడం నాకు మహా ఇష్టం. కలిపితే అయస్కాంతత్వం చావడానికి లాంథనం కాపర్ ఆక్సైడ్‌ను మించిన ఉదాహరణ లేదు. కలపనప్పుడు అది ఇన్సులేటర్, ఆంటీఫెర్రోమ్యాగ్నెట్, నీల్ ఉష్ణోగ్రత సుమారు 325 కెల్విన్. రాగి స్పిన్లు చదరంగం గళ్లలా ఒకటి పైకి, ఒకటి కిందకి.

ఇప్పుడు రెండు రకాలుగా చెడగొట్టవచ్చు. రాగి తీసి స్పిన్ లేని జింకు పెడితే గళ్లలో ఖాళీలు పడతాయి. అలా దాదాపు 40 శాతం రాగిని తీసేసేదాకా ఆ వరుస చావదు! అదే లాంథనం స్థానంలో స్ట్రాన్షియం పెడితే ఒక ఎలక్ట్రాన్ తగ్గి హోల్ వస్తుంది. ఇక్కడ 2 శాతానికే వరుస చచ్చిపోతుంది.

ఎందుకని? పెళ్లిలో పెద్ద హాలు, వరుస వెనక వరుస బంతులు వేశారనుకోండి. పిల్ల తరఫు వారు, పిల్లవాడి తరఫు వారు చదరంగం గళ్లలా ఒకరు విడిచి ఒకరు కూర్చున్నారు. పది మందికి నలుగురు భోజనానికి రాలేదు. ఖాళీ ఆకులున్నా, కూర్చున్నవాళ్లు ఎవరి చోట వాళ్లున్నారు కాబట్టి వరుస గుర్తుపట్టవచ్చు. అది జింకు. ఇప్పుడు ఖాళీ ఆకు ఒక్కటే ఉంది గానీ, వడ్డించేవాడు "పక్కకు జరగండి, పక్కకు జరగండి" అంటున్నాడు. పక్కవాడు ఖాళీలోకి జరిగాడు, అతని చోట్లోకి వెనక వరుసవాడు వచ్చాడు. ఖాళీ హాలంతా తిరిగొచ్చేసరికి, అది వెళ్లిన దారి పొడవునా పిల్ల వారి చోట పిల్లవాడి వారు. అది స్ట్రాన్షియం తెచ్చిన హోల్. కదలని నలభై ఖాళీలు చేయలేనిది కదిలే రెండు చేస్తాయి.

ఇదే పదార్థం స్ట్రాన్షియం 15 శాతం దగ్గరికి వచ్చేసరికి 38 కెల్విన్ సూపర్ కండక్టర్. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ బేరియంతో మొదలుపెట్టిన దారి ఇది, మరుసటి ఏడాదే నోబెల్ వచ్చింది. ఫ్లెక్సీ ఎవరు కట్టించారో తెలియదు.

గిర్ని సేటు (రాత్రి 10:35)

బంతి ముచ్చట మంచిగున్నది సార్. మా దిక్కు గట్ల జరుగుమంటే లొల్లే అయితది.

పానగల్లు పోరడు (పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:25)

అందరికి శనార్తి. ఆలస్యానికి ఏమనుకోకుండ్రి, కొలిచే మెషిన్ల లైన్ దొరకలే.

వట్టి బిస్మత్ సెలినైడ్ బిళ్ల, అదే జల్లెడ, అదే డై: 300 కెల్విన్‌ల లూప్ వచ్చింది. గ్రాముకు 0.003. క్రోమియం చుక్క లేదు అందుల.

క్రోమియం కలిపిన కడ్డీ, టేపుతోని పొరలు లేపిన లోపలి ముక్క, ప్లాస్టిక్ ట్వీజర్స్: 300ల లూప్ లేదు. గీత తిన్నగ మీదికి పోయింది. 5 కెల్విన్‌ల గీత వంగింది గాని తెరుచుకోలే. క్యూరీ-వైస్ గీత (ఉష్ణోగ్రతతోని అయస్కాంత స్పందన తగ్గే తీరు) గీస్తే క్రోమియంకు 3.8 బోర్ మాగ్నెటాన్లు వచ్చినయి. పుస్తకంల 3.87. అక్క చెప్పిన 3 అన్ని ఒక్కదిక్కు తిరిగితే వచ్చేది, ఈ గీతల అదే 3.87 అయితది. ఆ అంకె చూసినప్పుడు, లూప్ చూసిన నాటికన్న ఎక్కువ సంబురమైంది. వైస్ ఉష్ణోగ్రత (ఆ గీతను పొడిగిస్తే సున్నా తాకే చోటు) సున్నాకు కొంచెం కింద.

నిరోధం గూడ కొలిచిన. లెక్చరర్ సార్ చెప్పిందే, చల్లార్చుకుంట పోతే తగ్గింది. ఇంకో గొట్టం సెలీనియం కొద్దిగ ఎక్కువేసి పెట్టిన.

120 కాడ మెట్టేమీ లేదు. కాని 50 కెల్విన్ కాడ చిన్న గుబ్బ ఉన్నది. మా సారు "ఇది కొత్త ఫేజ్ ట్రాన్సిషన్ కావచ్చు" అంటున్నరు.

డిండి వాగు (రాత్రి 9:40)

వద్దు తమ్మీ, మళ్లా టైటిల్ రాయనియ్యకు! 50 కాడ గుబ్బ అంటే ఆక్సిజన్. గాలిల ఆక్సిజన్ అయస్కాంత గుణం ఉన్నది, 54 కెల్విన్‌ల గడ్డకడుతది, 44 కాడ మళ్లా రూపం మారుతది. చాంబర్ల గాలి మిగిలినా, క్యాప్సూల్‌ల ఇరికినా గుబ్బ వస్తది. క్యాప్సూల్‌కు సూదితోని బొక్క పెట్టి, గాలి తీసి హీలియం నింపుడు మూడు నాలుగుసార్లు చేయమను. పోతది.

3.8 మాత్రం మస్తు అంకె. క్రోమియం మూడు ప్లస్‌గ బిస్మత్ జాగల కూసున్నదనేదానికి అది సాక్ష్యం. వైస్ ఉష్ణోగ్రత మైనస్ అని ఆంటీఫెర్రో అని రాయకు. బిస్మత్, సెలీనియంల డయామ్యాగ్నెటిక్ (క్షేత్రానికి ఎదురు తిరిగే) వాటాను తీసేయంగ ఆ సున్నా అటిటు జరుగుతది. తీసేసినవా?

పానగల్లు పోరడు (రాత్రి 9:52)

తీయలే అక్కా. వట్టి ముక్క గీత ఉన్నది, రేపు తీసి చూస్త. మా సారు మొదటి టైటిల్ కొట్టేసిండ్రు. ఒక పూట మాట్లాడలే, తర్వాత ఆయనే వచ్చి డైకి మ్యాగ్నెట్ పెట్టి చూసిండ్రు. టక్కున అంటుకున్నది. ఇగ ఆ స్టీలు జల్లెడ ల్యాబుల వాడొద్దన్నరు. కొత్తదే, ఏం చేయాల్నో సమజ్ కాలె.

గిర్ని సేటు (రాత్రి 10:01)

నాకియ్యి తమ్మీ, పసుపుకు పనికొస్తది.

లేబుల్ లేని సీసా (రాత్రి 10:03)

సేటూ, దాని కండ్లల్ల సెలీనియం పొడి ఇరుకుంటది, అది విషం. గిర్ని గడప తొక్కనియ్యకు. తమ్మీ, కవర్ల కట్టి, పేరు రాసి, ల్యాబు చెత్తలనే వేయి.